తల్లి రాయి

మే 3, 1979. గురువారం

ఈ డైరీలో జూలై లేదు. బైండింగు గదిలో ఎవరో జూన్ కాగితాలు రెండుసార్లు పెట్టి కుట్టేశారు. అలాంటివి మా ప్రెస్సులో గుట్టగా పడి ఉన్నాయి. జూలై లేని సంవత్సరాన్ని ఎవరు కొంటారు? నేనొకటి ఇంటికి తెచ్చుకున్నాను. మొదటి నాలుగు నెలల పేజీలూ చెవులు, ముక్కులు, పిల్లి కాళ్ళు గీసి నింపేశాను. ఇవాళ్టి నుంచి మాటలు రాస్తాను. ఎవరితోనైనా చెప్పుకోకపోతే తల పగిలేట్టుంది.

ఆగస్టు పదిహేనుకి నేను ఈ పనిలో చేరి ఆరు నెలలు నిండుతాయి. నేను బొమ్మల గదిలో ఉండాలో, తిరిగి జిగురు గదికి పోవాలో ప్రెస్సు యజమాని, మా ముదలాళి, ఆ రోజు తేల్చేస్తారు. తొమ్మిదేళ్ళు లేబుళ్ళకి జిగురు పూశాను. జిగురు డబ్బా మూతల మీద నేను గీసిన బొమ్మలు చూసి ఆయనే పిలిచి ఈ బల్ల ముందు కూర్చోబెట్టారు. శివకాశిలో ఇన్ని ప్రెస్సులున్నాయి, ఏ బొమ్మల గదిలోనూ ఆడది కూర్చున్నట్టు నేను వినలేదు. హాజరు పుస్తకంలో అందరి పేర్లూ సిరాతో ఉంటాయి, నాది పెన్సిలుతో ఉంది. జిగురు గదిలో ఆడవాళ్ళు నవ్వారు. "వెళ్ళిరావే షెన్బగం, నీ చోటు ఖాళీగానే ఉంచుతాంలే" అన్నారు. ప్రేమగానే అన్నారు. ఆ మాట మాత్రం చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

ఇవాళ నాకు జింక మార్కు ఇచ్చారు. అగ్గిపెట్టె లేబులు. ఎర్ర రంగు మధ్యలో పసుపు జింక. అచ్చు రేకు అరిగిపోయింది కాబట్టి బొమ్మ కొత్తగా గీయాలి. గీయడమంటే మా దగ్గర పాతదాన్ని ముందు పెట్టుకుని అచ్చం అలాగే దించడం. పక్క బల్ల తంగపాండి రోజుకి నాలుగు దించుతాడు.

"జింకే కదా, టీ వచ్చేలోపు అయిపోతుంది" అన్నాడు.

టీ వచ్చింది, గ్లాసులు కూడా తీసుకెళ్ళిపోయారు. నేను మాత్రం జింక వీపు పైన, ఎర్ర రంగు మధ్యలో ఉన్న చిన్న తెల్లటి వంకను చూస్తూ కూర్చున్నాను. గోరుతో గిచ్చినట్టుంది. ఏమిటది?

మే 4

ఏమిటది?

మే 7

మాస్టారిని అడిగేశాను. ఉలగనాథన్ మాస్టారు మా బొమ్మల గదికి పెద్ద. నలభై ఏళ్ళుగా ఇదే ప్రెస్సు. కళ్ళకి శుక్లాలు వచ్చి భూతద్దం లేనిదే గీత గీయలేకపోతున్నారు, అయినా ఆయన గీస్తే గీతే.

"మాస్టారూ, ఈ జింక మీద ఈ వంకేమిటండీ?"

ఆయన చేతిలో కుంచె ఆగింది. "ఏ వంక?"

"ఇదిగో, వీపు పైన."

నేను చూపించిన చోటికి చూడనే లేదు. "మా గురువుగారు పెట్టారు. నేనూ పెట్టాను. నువ్వూ పెట్టు."

"ఎందుకు పెట్టారు?"

"అమ్మాయ్! ఎందుకు అని అడగడానికి ఇదేమన్నా కాలేజీనా? ఇక్కడ ఎంతసేపట్లో అన్నదే లెక్క."

గదంతా నవ్వింది. తంగపాండి మరీను, బల్ల కొట్టి నవ్వాడు.

మాస్టారు నన్నెప్పుడూ విసుక్కోలేదు. నెమలి మెడకి ముందు ఏ నీలం వేయాలి, పులి నోట్లో ఎరుపు ఎందుకు తగ్గించాలి, ఎన్ని అడిగినా ఓపిగ్గా చెప్పేవారు. ఇవాళేమైంది? కళ్ళ బాధ అయ్యుంటుంది. పదిహేనో తేదీన ఆపరేషన్‌కి మదురై వెళ్తున్నారు. అంతే, కళ్ళ బాధే.

మే 9

అమ్మతో చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

అమ్మ ఇంట్లో కూర్చుని అగ్గిపెట్టెల లోపలి అరలు అంటిస్తుంది. తల ఎత్తదు, చెయ్యి ఆపదు. "నీకెందుకే ఆ వంక సంగతి? జింక అడిగిందా?" అంది. నేను రెండో తరగతిలో ఉండగా, వానచుక్క కింద పడేటప్పుడు ఎలా ఉంటుందని పదిసార్లు అడిగానని పంతులమ్మ ఇంటికి పంపేసింది. ఆ రోజు అమ్మ వీపు మీద రెండు వేసి, "అడిగేదాన్ని ఎవరు ఉంచుకుంటారే?" అంది. ఇరవై ఏళ్ళయినా అదే మాట.

అమ్మ మాత్రం ఎవర్నీ ఏదీ అడగదు. నాన్న లారీ మీద ఉత్తరాదికి వెళ్ళి తిరిగి రానప్పుడు కూడా ఎవర్నీ అడగలేదు.

రేపు వంకతో సహా దించేసి ఇచ్చేస్తాను. పోయేదేముంది?

మే 12

దొరికింది! దొరికింది! దొరికింది!

దించడానికి కూర్చున్నాను, చెయ్యి రాలేదు. మధ్యాహ్నం అన్నానికి జిగురు గదివాళ్ళతో పెరట్లో కూర్చున్నాను. అక్కడ కొళాయి కింద ఒక రాతి పలక ఉంది. తొమ్మిదేళ్ళు దాని మీదే జిగురు గిన్నెలు తోమాను. ఇవాళ ఎవరో దాని మీద నీళ్ళు కుమ్మరించారు. రాయంతా తడవలేదు. నీళ్ళు పక్కలకి జారిపోయాయి, మధ్యలో ఒక ఆకారం మాత్రం తడిసి నల్లబడింది. నాలుగు కాళ్ళు, కొమ్ములు. జింక!

అన్నం చేత్తోనే వెళ్ళి కూర్చున్నాను. రేకులు రాకముందు రాతి మీద గీసేవాళ్ళని మాస్టారే చెప్పారు. మొదట గీసిన చిన్న రాయిని తల్లి రాయి అంటారు. దాని నుంచి నకళ్ళు తీసి పెద్ద రాళ్ళ మీదికి ఎక్కించి లక్షలు లక్షలు అచ్చు వేసేవాళ్ళు. జిడ్డు సిరా ఉన్నచోట నీళ్ళు అంటవు, లేనిచోట అంటుతాయి. ఇది జింక మార్కు ఎరుపు రంగుకి తల్లి రాయి. మూల పగిలిందని పెరట్లో పడేసి ఉంటారు. రాతి మీద అన్నీ తిరగబడి ఉంటాయి కాబట్టి జింక ఎడమకి కాకుండా కుడికి చూస్తోంది. దాని వీపు పైన చిన్న వంక కూడా తడిసింది. వేలు పెట్టి చూశాను. గుంట! పెచ్చు ఊడింది!

చంద్రుడూ కాదు, మంత్రమూ కాదు. రాయికి తగిలిన దెబ్బ. ఆ గుంటలో సిరా పట్టదు, అందుకే అక్కడ తెల్లగా పడింది. ఆ తెలుపుని మాస్టారు దించారు, తర్వాత వచ్చినవాళ్ళు మాస్టారిది దించారు, నలభై ఏళ్ళుగా అందరూ ఒక దెబ్బని బొమ్మలా గీస్తున్నారు!

"ఏమైందే, రాయికి మొక్కుతున్నావు?" అని జిగురు గదివాళ్ళు ఒకటే నవ్వు. నవ్వనీ. నాకు ఎగిరి గంతెయ్యాలని ఉంది.

మే 20. ఆదివారం

శ్రీవిల్లిపుత్తూరు వెళ్ళాను. ఆండాళ్ దర్శనానికే వెళ్ళాను. దారిలో అడవి ఆఫీసు ఉంది, అక్కడ కాలు విరిగిన దుప్పిని సాకుతున్నారని ఎవరో చెప్పారు, సరే ఎటూ వచ్చాను కదా అని ఆగాను. మూడు గంటలు ఆగాను. గుడి మూసేశారు.

నిజం జింకని ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు. మా లేబులు జింకకి మేక కాళ్ళు, సినిమా హీరోయిన్ కళ్ళు. దీని కాళ్ళు అలా లేవు, చీపురు పుల్లల్లా సన్నంగా ఉండి కూడా బరువు మోస్తున్నాయి. చెవులు రెండూ వేరువేరుగా తిరుగుతాయి! ఒక చెవి నా వైపు పెట్టి, రెండోది వెనక కొండవైపు తిప్పింది. నేను ముందు ఉన్నా దాని మనసు సగం అక్కడే ఉంది.

కాపలా ఆయన బీడీ ముట్టించుకుంటూ, "ఏమ్మా, పెళ్ళిచూపులా? పిల్ల నచ్చిందా లేదా, ఏదో ఒకటి చెప్పు, గేటు వెయ్యాలి" అన్నాడు.

జూలైకి వాడుకోవాల్సిన రెండో జూన్‌లో చివరి ఆరు పేజీలు ఇప్పుడే నింపేశాను, అన్నీ చెవులే. అమ్మకి పాలకోవా తెచ్చాను. గుడిలో ప్రసాదమా అని కూడా అడగలేదు.

మే 28

జింక అయిపోయింది. కాళ్ళు సరిచేశాను. ఒక చెవి వెనక్కి తిప్పాను. వంక తీసేశాను.

తప్పని తెలిశాక కూడా దించడం ఏం పని? మాస్టారు ఉంటే అడిగేదాన్ని. ఆయన మదురైలో కళ్ళకి కట్టు కట్టించుకుని పడుకుని ఉన్నారు. ముదలాళి బొమ్మని దూరంగా పట్టుకుని చూశారు. "జింక బాగుందమ్మా. పిలిస్తే వచ్చేలా ఉంది" అని సంతకం పెట్టేశారు. వంక లేదని ఆయన చూడలేదు. నేనూ చెప్పలేదు. చెప్పాల్సినంత పెద్ద విషయం కాదు కదా.

జూన్ 2

అచ్చు అయింది. తడి ఆరని కాగితం మీద నూట నలభై జింకలు, నూట నలభై చెవులు. తంగపాండి చాలాసేపు చూసి, "టీ వచ్చేలోపు అయ్యే పనికి నెల తీసుకున్నావు" అన్నాడు. కుళ్ళు!

జూన్ 19

నా జింకలు అగ్గిపెట్టెల మీద ఎక్కి ఊళ్ళమీదికి వెళ్ళాయి. నాకు భయమేమీ లేదు.

జూలై 5 (జూన్ 5 కొట్టేసి)

నా జింకలు తిరిగి వచ్చేశాయి.

కోవిల్‌పట్టి అవతల ఊళ్ళన్నిటి నుంచీ, కట్టలకి కట్టలు. నకిలీ సరుకని జనం కొనడం లేదట. కొట్లవాళ్ళు అగ్గిపెట్టెల కంపెనీవాళ్ళని తిట్టారు, కంపెనీవాళ్ళు ముదలాళిని తిట్టారు. ముదలాళి నన్ను పిలిచి పాత లేబులు, కొత్త లేబులు పక్కపక్కన పెట్టారు.

"ఇక్కడ ఉండాల్సింది ఏమైంది?"

"అది తప్పు అయ్యా. తల్లి రాయికి పెచ్చు ఊడింది. పెరట్లో ఉంది, చూపిస్తాను రండి."

"తప్పా? నలభై ఏళ్ళు అమ్ముడైన తప్పమ్మా అది. నీ ఒప్పు నలభై రోజులు నిలవలేదు."

తీసేశానని ముందే ఎందుకు చెప్పలేదని అడిగారు. ఎందుకు చెప్పలేదు? అడిగితే వద్దంటారని చెప్పలేదు. నాకు తెలిసిందన్న పొగరుతో చెప్పలేదు. ఇక్కడైనా నిజం రాసుకోవాలి.

"రేపట్నుంచి జిగురు గదికి వెళ్ళు. ఆగస్టు పదిహేనుకి చూద్దాం. చూడ్డానికేమీ లేదు గానీ, మాటిచ్చాను కాబట్టి చూద్దాం" అన్నారు.

జూలై 6

నా చోటు ఖాళీగానే ఉంచారు. నాకు బాధేమీ లేదు.

జూలై 7

బాధేమీ లేదు. జిగురు వాసనకి కళ్ళు మండుతాయి, అంతే.

జూలై 8

బాధ ఉంది. చెప్పలేనంత ఉంది. "చెప్పానా?" అని అమ్మ అంటుందని చూశాను, అనలేదు. రసంలో మిరియాలు ఎక్కువ వేసి పెట్టింది. తిట్టినా బాగుండేది.

జూలై 10

జిగురు పూస్తుంటే ఒకటి తట్టింది.

వాళ్ళకెలా తెలిసింది?

బొమ్మల గదిలో ఆరుగురం ఉన్నాం, ఒక్కరూ వంక లేదని చూడలేదు. తండ్రి కాలం నుంచీ ఈ లేబులు అచ్చువేస్తున్న ముదలాళి చూడలేదు. అటువంటిది, చీకటి కొట్లో నిలబడి అగ్గిపెట్టె కొనుక్కునే మనిషి, చదువు రాని మనిషి, బియ్యపు గింజంత వంక లేదని ఎలా పట్టుకుంది? నేను రాయిని అడిగాను, దుప్పిని అడిగాను. కొనేవాళ్ళని అడగలేదు.

పొద్దుట్నుంచీ ఇదే ఆలోచన. చిత్రంగా, ఏడుపు ఆగిపోయింది.

జూలై 15. ఆదివారం

వేప్పంకుళం సంతకి వెళ్ళాను. సరుకు ముందుగా తిరిగొచ్చింది అక్కడి నుంచే. సంచిలో పాత పెట్టెలూ, కొత్త పెట్టెలూ.

మొదట ఎండుచేపల అవ్వ దగ్గర కూర్చున్నాను, నీడ అక్కడే ఉంది కాబట్టి.

"అవ్వా, ఇక్కడ జింక మార్కు అగ్గిపెట్టె ఎక్కడ దొరుకుతుంది?"

"జింకా? అలాంటి పెట్టె నేనెప్పుడూ కొనలేదే తల్లీ."

అని ఆమె చుట్ట ముట్టించుకోవడానికి బొడ్లోంచి పెట్టె తీసింది. చూద్దును కదా, పాత జింక మార్కు!

"అవ్వా! ఇదే కదా జింక!"

"ఇదా? ఇది చంద్రుడి పెట్టె." బొటనవేలు సరిగ్గా వంక మీద పెట్టింది. "జింకలు ఈ సంతలో ఆరు రకాలున్నాయి. ఎగిరే జింక, పడుకున్న జింక, గడ్డి మేసే జింక. ఆరు కంపెనీలూ ఒకదాన్ని చూసి ఒకటి వేసుకుంటాయి కాబోలు. నాకు చూపా సరిగా లేదు, ఏ జింక ఎవరిదో ఎవడికి తెలుసు? చంద్రుడు మాత్రం తెల్లగా కనబడుతూ దీని మీదే ఉన్నాడు. వానలో చెమ్మ తగిలినా అంటుకునేది ఇదొక్కటే. మా అత్తగారు కూడా చంద్రుడి పెట్టే కొనేది."

నా కొత్త పెట్టె ఇచ్చాను. కళ్ళకి ఆనించుకుని చూసి విసిరినంత పని చేసింది. "ఇది దొంగ సరుకు. చంద్రుణ్ణి పెట్టడం మరిచిపోయాడు, దొంగ సచ్చినోడు!"

ఆ దొంగ సచ్చినోణ్ణి నేనే అవ్వా అందామనుకున్నాను. నవ్వు ఆగలేదు. ఆవిడ కూడా నవ్వేసింది, ఎందుకో తెలియకుండానే.

తర్వాత సంతంతా తిరిగాను. ఉప్పు అమ్మేవాళ్ళని, కుండలవాళ్ళని, మేకలు తోలుకొచ్చినవాళ్ళని అడిగాను. ఒక్కరంటే ఒక్కరు జింక అనలేదు. మిగతా పెట్టెల సంగతీ అడిగాను. మా ఓడ మార్కు పేరు చెప్పుల పెట్టె. గంట మార్కు సొరకాయట! మాస్టారు ప్రాణం పెట్టి గీసిన వీణ సరస్వతిని గరిటె పట్టుకున్నామె అంటున్నారు. మాస్టారికి చెప్పకూడదు. కాదు, చెప్పాలి. మేము ఒకటి గీసి పంపుతున్నాం, వీళ్ళు ఇంకొకటి చూస్తున్నారు. మధ్యలో ఎవరూ బస్సెక్కి వచ్చి అడగలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ పొయ్యి అంటిస్తోంది. చేతిలో అగ్గిపెట్టె.

"అమ్మా, నువ్వు కొట్లో ఏ పెట్టె అని అడుగుతావు?"

"చంద్రుడిది."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు పుట్టకముందు నుంచి."

"మరి నాకెందుకు చెప్పలేదు? రెండు నెలలుగా ఆ వంక, ఆ వంక అని చస్తున్నాను కదా!"

"వంక అన్నావు గానీ చంద్రుడనలేదుగా. అయినా నువ్వు నన్నెప్పుడడిగావు? ఊరందర్నీ అడుగుతావు." పొయ్యిలోకి ఊదింది. "నాకేం తెలుస్తుందిలే అనుకుంటావు."

అమ్మ అన్నది నిజం. అగ్గిపెట్టెలతో ముప్పై ఏళ్ళు బతికిన మనిషి నా పక్కనే కూర్చుని ఉంటే, నేను దుప్పి దగ్గరికి వెళ్ళాను.

జూలై 17

ముదలాళి ముందు నిలబడి అంతా చెప్పాను.

"సంతలో ఎవరో అవ్వ అన్నదని నమ్మమంటావా? మా నాన్న కాలం నుంచీ జింక అనే బిల్లు రాస్తున్నాం" అన్నారు.

"అయ్యా, జిగురు గదిలో అడగండి. ఇప్పుడే అడగండి."

ఆయన విసుగ్గా లేచి గుమ్మం దగ్గర నిలబడి కేకేశారు. "ఏమ్మా, మీ ఇళ్ళల్లో ఈ పెట్టెని ఏమంటారు?"

లేబులు పైకెత్తి చూపించారో లేదో, ముప్పై గొంతులు ఒక్కసారే, "చంద్రుడి పెట్టె!"

ఆయన వచ్చి కుర్చీలో కూలబడ్డారు. కాసేపటికి వాళ్ళింట్లో వంటామె కూడా చంద్రుడి పెట్టె తెమ్మనే చీటీ పంపుతుందని, అది వేరే కంపెనీదేమో అనుకున్నానని చెప్పి, తలపట్టుకుని నవ్వారు.

"సరే. పాత జింకనే చంద్రుడితో సహా దించి ఇచ్చెయ్. గొడవ వదిలిపోతుంది."

అక్కడితో సరే అని ఉంటే ఉద్యోగం ఖాయమయ్యేది. కానీ నాకు ఆ చెవి గుర్తొచ్చింది.

"అయ్యా, చంద్రుణ్ణి ఉన్నచోటే ఉంచుతాను, వెంట్రుకవాసి కదపను. జింక మాత్రం నాదే ఉండనివ్వండి. నలభై ఏళ్ళుగా దాన్ని ఎవరూ చూడలేదు. చూసేలా గీస్తాను."

"మళ్ళీ తిరిగొస్తే?"

"నేనూ జిగురు గదికి తిరిగి వెళ్తాను. మళ్ళీ అడగను."

అనేశాను! బల్ల మీద చెయ్యి వేసి మరీ అన్నాను. ఆయన సరే అన్నారు, రేపట్నుంచి మళ్ళీ నా బల్ల నాకు.

జూలై 24

మాస్టారు వచ్చారు. నల్లకళ్ళద్దాలు. జరిగిందంతా ఎవరు చెప్పారో, మధ్యాహ్నం నన్ను పిలిచి, "ఆ రాయి ఎక్కడుందో చూపించు" అన్నారు.

పెరట్లోకి తీసుకెళ్ళాను. కొళాయి తిప్పాను. జింక వచ్చింది, చంద్రుడు వచ్చాడు. ఆయన కూర్చుని గుంటలో వేలు పెట్టారు. చాలాసేపు తియ్యలేదు.

"ఇది నా చేతి దెబ్బ అమ్మాయ్."

నాకు అర్థం కాలేదు.

"పద్దెనిమిదేళ్ళప్పుడు. ఇక్కడ రాళ్ళు మోసేవాణ్ణి. పక్క రాయి అంచు తగిలి పెచ్చు ఊడింది. తంతారని నోరెత్తలేదు. అచ్చు అయ్యాక మా గురువు చూశాడు. ఎవర్రా ఇక్కడ చంద్రుణ్ణి పెట్టింది, అందంగా ఉందే అన్నాడు. నేనే అన్నాను. ఆ ఒక్క మాటకి నన్ను తీసుకెళ్ళి బొమ్మల గదిలో కూర్చోబెట్టాడు."

కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆపరేషన్ కళ్ళు, ఏడవకూడదు. నాకే భయం వేసింది.

"తర్వాత కష్టపడి నేర్చుకున్నాననుకో. అయినా నలభై ఏళ్ళూ ఇదే దడ, ఎవరైనా అడుగుతారని. ఎవరూ అడగలేదు. చివరికి నువ్వడిగావు. విసుక్కున్నాను. ఏమీ అనుకోకు తల్లీ."

"మాస్టారూ, పెచ్చుని చంద్రుడు చేసింది మీరే కదా" అన్నాను. "తర్వాత రేకుల మీద మీరు కావాలనే గీశారు. గీయకపోతే ఆ అవ్వ ఏ పెట్టె అడిగేది?"

గరిటె పట్టుకున్న సరస్వతి సంగతి కూడా అప్పుడే చెప్పాను. ముందు మొహం మాడింది, తర్వాత పగలబడి నవ్వారు. "గరిటెలాగే ఉంటుందే, దొంగముండా, నాకూ ఎప్పుడో అనుమానమే!" అన్నారు.

ముదలాళికి పెచ్చు సంగతి తెలుసు గానీ కొట్టిందెవరో తెలియదు. నేను చెప్పను. ఈ డైరీకి తప్ప.

ఆగస్టు 15

జెండా ఎగరేశారు. లడ్డూ పెట్టారు. ముదలాళి నా వైపు చూసి, "నీ కొత్త జింక సరుకు నిన్ననే వెళ్ళింది. అది చెప్తుంది నీ సంగతి" అన్నారు. అంటే ఇంకా పెన్సిలే. బల్ల మాత్రం అప్పటిదాకా ఉంచుకోమన్నారు.

తంగపాండి మెల్లగా నా బల్ల దగ్గరికి వచ్చాడు. వెక్కిరిస్తాడనుకుని సిద్ధంగా ఉన్నాను.

"షెన్బగం, నీకు తెలిసినచోట ఎక్కడైనా కుందేలుందా? నాకు కుందేలు మార్కు వచ్చింది. అది కూర్చున్నప్పుడు ముందు కాళ్ళు ఎక్కడ పెట్టుకుంటుందో..."

వాడికి ఈ వారం రోజుకి నాలుగు అవ్వడం లేదు. పాపం!

సెప్టెంబర్ 3

ఏమీ తిరిగి రాలేదు.

సెప్టెంబర్ 11

ఏమీ తిరిగి రాలేదు. గేటు దగ్గర బండి ఆగిన చప్పుడైతే చాలు, కుంచె పక్కకి పోతోంది. ఇవాళ వచ్చింది కాగితం బండి.

సెప్టెంబర్ 26

కంపెనీవాళ్ళు ముందు తీసుకున్నదానికి రెట్టింపు లేబుళ్ళు అడిగారు. వేప్పంకుళం కొట్లో చంద్రుడి పెట్టె అయిపోయిందని జనం వేరేది కొనకుండా తిరిగి వెళ్ళిపోయారట.

ముదలాళి హాజరు పుస్తకం తెప్పించి, పెన్సిలు గీతల మీద నా పేరు సిరాతో ఆయనే రాశారు. రాసి, "చంద్రుణ్ణి కొన్నారు సరే, నీ జింకని ఎవరైనా చూశారా మరి?" అన్నారు. కొంటెగానే అడిగారు. ఇక మీదట కొత్త లేబులు మొదలుపెట్టే ముందు నేను ఒకరోజు సంతకి వెళ్ళొచ్చట, అది సెలవు కిందకి రాదట. ఇంటికి ఎలా నడిచి వచ్చానో గుర్తు లేదు.

అమ్మకి చెప్తే "సరేలే, అన్నం తిను" అంది.

అక్టోబర్ 7. ఆదివారం

పొద్దున అమ్మ కొట్టుకి వెళ్ళి వచ్చింది. గుమ్మంలో కూర్చుంది, ఎప్పటిలాగే చుట్టూ అట్ట ముక్కలు, జిగురు గిన్నె. నేను ఈ డైరీ ముందేసుకుని ఆమె చేతులు గీస్తున్నాను. ఉన్నట్టుండి ఆ చేతులు ఆగిపోయాయి. పని మధ్యలో అమ్మ చేతులు ఆగడం నేనెప్పుడూ చూడలేదు.

కొత్త పెట్టె పట్టుకుని వెలుతురుకి తిప్పి చూస్తోంది. చంద్రుణ్ణి చూస్తోందనుకున్నాను.

"ఏమే, ఈ జింక ఆ చెవి వెనక్కి తిప్పిందేం?"

"ఏదో వింటోందమ్మా."

"ఏం వింటోంది?"

నా ఇరవై ఏడేళ్ళలో అమ్మ ఎవర్నైనా ఏదైనా అడగడం ఇదే మొదటిసారి. ఏదో ఒకటి కల్పించి చెప్దామనుకుని, మానేశాను.

"నాకూ తెలీదు. ఆ దుప్పి శ్రీవిల్లిపుత్తూరులో ఇంకా ఉందేమో. బస్సెక్కితే గంట. వెళ్ళి చూద్దామా?"

అమ్మ పెట్టెని ఇంకోసారి చూసి చీర కొంగులో ముడి వేసుకుంది. జిగురు చేతులు కడుక్కోవడానికి లేచింది.